బ్రేకుల్లేని బావతో ఆబర్న్ దాకా

ఇదొక మహాయాత్ర కథ. ఇందులో ఎడారులున్నాయి, కొండలున్నాయి, పొగ కక్కే వాహనాలున్నాయి. పద్నాలుగేళ్ళు వెనకడుగు వెయ్యని వీరుడున్నాడు. ఆయన ఇచ్చిన మాట ఉంది. నైట్ డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా నాలుగు వందల మైళ్ళు కారు నడిపిన ఇల్లాలుంది. చదివేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోండి.

కూర్చున్నారా? ఇక నిజం చెప్తాను. ఎడారి పొడుగునా నేను బస్సులో నిద్రపోయాను. పొగ కక్కే వాహనం బరువు మా అపార్ట్‌మెంట్ కింద ఉన్న వాషింగ్ మెషీనంత. వీరుడు మా బావ. ఆయన చేసే యుద్ధం ఒక్కొక్కటీ ఒక నిమిషంలో అయిపోతుంది, అందులో ఎవరూ కుడివైపు తిరగరు. ఇల్లాలు అంత దూరం రావడం పూర్తిగా నా తప్పు.

నేను మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో బ్రేకులు గీస్తాను. అంటే పికప్ ట్రక్కుల వెనక చక్రాల బ్రేకులకి డ్రాయింగులు వేసే ఉద్యోగం. ఏటా జూలైలో ఇక్కడి కార్ల కంపెనీలు రెండు వారాలు మూసేస్తారు. ఈసారి మూసినవి మళ్ళీ తెరుస్తారో లేదో ఎవరికీ తెలియదు. మా ఆఫీసులో సగంమంది ఆ రెండు వారాలూ ఫోను పక్కనే కూర్చుంటామన్నారు. కూర్చుంటే ఉద్యోగం నిలబడుతుందని నాకు అనిపించలేదు. కాలిఫోర్నియాలో ఉన్న రూతక్క దగ్గరికి బస్సెక్కాను.

రూతక్క మా పెదనాన్న కూతురు. చీరాల మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని ఇక్కడికి వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట డెన్నీ అనే అమెరికన్ని పెళ్ళి చేసుకుంది. "అబ్బాయి ఏం చేస్తాడు?" అని మా నాన్న ఉత్తరం రాస్తే, "మోటారు రంగం" అని జవాబు రాసింది. మా నాన్న ఆయనకి బస్సులున్నాయనుకుని ఊరంతా చెప్పుకున్నాడు.

బావ స్పీడ్‌వే రైడర్. గుడ్డు ఆకారంలో ఒక మట్టి బాట, దాని మీద ఒకే గేరున్న మోటార్ సైకిళ్ళు, నాలుగు చుట్లు. ఆ బళ్ళకి బ్రేకులుండవు. పొరపాటున పెట్టకుండా వదిలేసినవి కావు, ఉండకూడదని రూలు. బ్రేకులు గీసి బతికేవాడు ఇలాంటివి చూడటానికి రెండు వేల మైళ్ళు వెళ్ళడం, శాకాహారి చేపల మార్కెట్ చూడటానికి వెళ్ళినట్టే.

సాన్ బెర్నార్డినో

బస్సులో నా పక్కన అమరిల్లో అనే ఊళ్ళో ఎక్కిన ముసలావిడ కూర్చుంది. నేను ఇండియన్‌నని తెలుసుకుని, "ఏ తెగ?" అనడిగింది. "చీరాల" అన్నాను. "వినలేదే. నెవాడా వాళ్ళా?" అంది. "ఇంకొంచెం పడమర" అన్నాను. నా మీద జాలిపడి దారి పొడుగునా వేయించిన పెకాన్ పప్పులు పెట్టింది. మా తెగకి ఇంతవరకు జరిగిన మేలు అదే.

ఆదివారం పొద్దున నేను దిగేసరికి అక్క ఇంట్లో ప్రార్థన కూటం నడుస్తోంది. ఆరు తెలుగు కుటుంబాలు, ఒక హార్మోనియం, పద్దెనిమిది జతల చెప్పులు. వారమంతా అకౌంటెంటుగా ఉండి ఆదివారం పాస్టరయ్యే జయరాజ్ అంకుల్ కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా డెన్నీకి ఎడమ మలుపుల్లో తోడుండు" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఆరడుగుల బావ కూడా ఆమెన్ అని, ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు.

"ఏంటి, బామార్డీ?"

ఆయనకి వచ్చిన తెలుగు మాటలు ఓ పదీపదిహేను. తక్కినదంతా ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆయన తెలుగు మీకు చాలా బాగున్నట్టు అనిపిస్తుంది. నమ్మకండి.

భోజనంలో కోడికూర, గోంగూర. గోంగూర విత్తనాలు చీరాల నుంచి ఉత్తరం కవర్లో వచ్చాయట. పెరట్లో గోంగూర మడి, దాని పక్కనే బండికి పోసే మెథనాల్ డ్రమ్ము. మడి ఏపుగా ఉంది. ఎందుకని నేను అడగలేదు.

వాళ్ళ పెళ్ళికి కారణం ఆముదం. భుజం ఎముక విరిగి బావ ఎమర్జెన్సీకి వచ్చిన రోజున అక్క డ్యూటీలో ఉంది. ఆయన దగ్గరికి వెళ్ళగానే గుప్పుమని ఆముదం వాసన కొట్టింది. మా ఇళ్ళలో పిల్లలకి నెలకోసారి ముక్కు మూసి ఆముదం పట్టేవాళ్ళు, ఆ వాసన పోల్చుకోవడంలో మాకు పొరపాటు జరగదు. "రోగి ఆముదం తాగి వచ్చాడు" అని అక్క చీటీలో రాసేసింది. డాక్టర్లు ఆపరేషను మర్నాటికి వాయిదా వేశారు. ఈ బళ్ళ ఇంజన్లలో ఆముదమే పోస్తారని, మెథనాల్‌తో మామూలు నూనె కలవదని, బావ ఆ రాత్రంతా విరిగిన భుజంతో ఆమెకి వివరించాడు. అప్పటికి పరిచయం బలపడింది.

అయితే అక్క ఇంతవరకు ఒక్క పందెం కూడా చూడలేదు.

"ఎమర్జెన్సీలో చూసేది చాలదూ? టికెట్ కొనుక్కుని మరీ చూడాలా?" అంది.

అందుకని వాళ్ళకో ఏర్పాటుంది. పందెం ఉన్న రోజు అక్క సెలవు పెట్టి ఇంట్లో ఫోను పక్కన కూర్చుంటుంది. పందేలు కాగానే బావ బయట పబ్లిక్ ఫోన్ నుంచి ఇంటికి కొడతాడు. రెండు రింగులిచ్చి పెట్టేస్తే ఒళ్ళు క్షేమం. ఎవరూ ఎత్తలేదు గనక డబ్బాలోంచి నాణేలు వెనక్కి వచ్చేస్తాయి. మూడు రింగులైతే ఏదో విరిగింది, మళ్ళీ చేస్తాను, అక్కడే ఉండు అని. ఈ పద్ధతి కనిపెట్టింది బావ కాదని, చీరాల బుర్ర అని వేరే చెప్పక్కర్లేదు.

బుధవారం సాయంత్రం మొదటి పందెం చూశాను. చూడటం కన్నా ముందు వాసన వచ్చింది. నాలుగు వేలమంది అమెరికన్లు మొక్కజొన్న పేలాలు తింటూ ఆనందంగా ఆముదం పీలుస్తున్నారు. నాకు మాత్రం చేతులు వాటంతటవే ముక్కు మీదికి వెళ్ళాయి. ఇంతలో పందెం మొదలైంది. ఎడమ బూటు కింద ఇనుప రేకు కట్టుకుని, ఆ కాలు నేల మీద జారిస్తూ, బండిని అడ్డంగా పెట్టి మలుపులోకి వదిలారు. మలుపులో ముందు చక్రం కుడివైపు చూస్తుంటే బండి ఎడమవైపు వెళ్తుంది. నా నాలుగేళ్ళ ఇంజనీరింగ్ చదువులో ఇది లేదు.

అక్కడ నేను నేర్చుకున్న ఆచారం ఒకటుంది. మన దగ్గర పెళ్ళయినా సభయినా పెద్దవాళ్ళని ముందు కూర్చోబెడతాం. ఇక్కడ గొప్పవాణ్ణి వెనక నిలబెడతారు. కొత్తవాడు గీత మీద నిలబడతాడు, అది సున్నా. కాస్త చెయ్యి తిరిగినవాడు పది గజాలు వెనక. ఇంకా బాగా తోలేవాడు ఇరవై, ముప్ఫై. అందర్లోకీ మొనగాడు యాభై గజాల వెనక నిలబడి, నాలుగు చుట్లలో ఆ దూరమంతా కలుపుకోవాలి. ఎవరెక్కడ నిలబడాలో ప్రతి మైదానంలోనూ ఒక పెద్దమనిషి నిర్ణయిస్తాడు. ఆ అంకె వాళ్ళకి పరువు.

బావ పదిలో నిలబడ్డాడు. మూడో వాడుగా వచ్చాడు. తర్వాత ఫోన్ దగ్గరికి వెళ్ళి రెండు రింగులిచ్చి, నాణేలు జేబులో వేసుకుని వచ్చాడు.

"పద" అన్నాడు తెలుగులో.

వెంచురా

గురువారం సముద్రం పక్కన పందెం. పొగమంచు దిగి మైదానం సగం కనబడదు. బావ వ్యాన్‌లో వెనక బండి, ముందు మేమిద్దరం, మధ్యలో అక్క ఇచ్చిన కారప్పూస డబ్బా. వ్యాన్ బ్రేకులు కీచుమంటుంటే నేను ఊరుకోలేక, "బావా, ఈ బ్రేక్ షూలు అరిగిపోయాయి" అన్నాను.

"దీనికి బ్రేకులున్నాయని నాకెప్పుడూ గుర్తుండదు" అన్నాడు.

గట్టు మీద నా పక్కన నిమ్మతోటల ముసలాయన ఒకడు కూర్చున్నాడు. ఒళ్ళో దినపత్రిక పరుచుకుని నాకూ ఒక పేజీ ఇచ్చాడు. చదవడానికి కాదు. మొదటి మలుపు దగ్గర కూర్చుంటే బళ్ళు చిమ్మే మట్టి ఒళ్ళో పడుతుంది, దానికి అడ్డు. పేజీలో సగం మట్టి, సగం రైడర్ల పట్టిక. ఎవరు ఎన్ని గజాల్లో ఉన్నారో వారం వారం వేస్తారట.

"డెన్నీ నీకు బంధువా? యాభైలో ఉన్న రోజుల్లో చూడాల్సింది అతన్ని. వెనకనుంచి వస్తుంటే మేం లేచి నిలబడేవాళ్ళం" అని, పట్టిక మీద మట్టి తుడిచి వేలితో చూపించాడు. "ఈ వసంతంలో ముప్ఫై. తర్వాత ఇరవై. ఇప్పుడు పది."

ఆ రోజు బావ ఆఖరున వచ్చాడు. పడలేదు, తగల్లేదు. ఆఖరున వచ్చాడంతే. బండి దిగి చాలాసేపు చేతి తొడుగులు తీయలేదు. "నువ్వెళ్ళి ఫోన్ కొట్టు. రెండు" అన్నాడు.

ఇక్కడే నా తప్పు జరిగింది. నంబరు తిప్పాను. చెవిలో ఒక రింగు వినబడింది. తర్వాత ఇంకొకటి సగంలో తెగినట్టనిపించింది. అది రెండో కిందికి వస్తుందా రాదా? ఇంజనీరుని కదా, కొలత తక్కువ కాకూడదని ఇంకొకటి పూర్తిగా పోనిచ్చి పెట్టేశాను. నాణేలు వెనక్కి వచ్చాయి. నేను సంతోషించాను.

మైదానం బయట బండి మీద టాకోలు అమ్ముతున్నారు. మెక్సికో వాళ్ళ మొక్కజొన్న రొట్టెలో మాంసం, పచ్చిమిరప. రెండు డాలర్లకి ఇద్దరం కడుపు నిండా తిన్నాం. మన జొన్నరొట్టెకి చుట్టమే, కాస్త చిన్నప్పుడే ఇల్లు వదిలింది. తింటూ తింటూ బావ ఉన్నట్టుండి, "నేను మీ అక్కకి ఒక మాట ఇచ్చాను" అన్నాడు.

"ఏమని?"

"నన్ను సున్నాలో నిలబెట్టిన రోజున మానేస్తానని. ఆరేళ్ళయింది. అప్పుడు నేను యాభైలో ఉన్నాను. యాభైలో ఉన్నవాడికి సున్నా గురించి మాట ఇవ్వడం ఎంత సులువో నీకు తెలీదు."

"ఇప్పుడు పదేగా?"

"ఇప్పుడు పది. ఎల్లుండి ఆబర్న్‌లో ఎంతో." పచ్చిమిరప కొరికి కళ్ళు తుడుచుకున్నాడు, మిరపకాయ వల్లేనని నేను రాసుకున్నాను. "ఆమె ఎప్పుడూ రాదు. నేను చెప్పకపోతే ఆమెకి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు."

"అదే నా బాధ, బామార్డీ. ఇరవై రెండో ఏట నుంచీ ఇదే పని. ఇది మానేస్తే నాకు వచ్చిందేమిటి? ఎడమవైపు తిరగడం."

నేను జోకు వెయ్యాల్సిన చోటది. వెతికాను. దొరకలేదు. ఆయన ప్లేటులోంచి ఒక టాకో తీసుకుని తిన్నాను, మా వైపు బావమరుదులు చేసే పని అదే.

ఫ్రెస్నో

శుక్రవారం పందెం లేదు, ప్రయాణం. లోయ పొడుగునా బాదం తోటలు, ద్రాక్ష తోటలు, నూట నాలుగు డిగ్రీల ఎండ. మధ్యాహ్నం వ్యాన్ వెనక నుంచి నా బాల్యం వాసన రాసాగింది. వెంచురాలో ఆముదం డబ్బా మూత బిగించింది నేను. బిగించాననే ఇప్పటికీ నా అభిప్రాయం. నూనె అభిప్రాయం వేరేలా ఉంది. డబ్బాలో చుక్క లేదు, నా సంచిలో ఉన్న చొక్కాలన్నీ తడిసిపోయాయి.

పందెం నూనె అమ్మే కొట్టు ఆ చుట్టుపక్కల లేదు. బావ తల పట్టుకున్నాడు. నేనన్నాను, "ఆముదమే కదా బావా? మందుల షాపులో దొరకదూ?"

ఫ్రెస్నో మందుల షాపులో తెల్లకోటు ఆవిడ నేను అరలోంచి తీసిన సీసాలన్నీ లెక్కపెట్టింది. తొమ్మిది.

"బాబూ, ఒక చెంచా చాలు."

"నాక్కాదండీ, మా బావకి."

"పాపం. ఎన్నాళ్ళ నుంచీ ఇబ్బంది?"

"పద్నాలుగేళ్ళ నుంచీ వాడుతున్నాడు" అన్నాను.

ఆవిడ ఎనిమిది సీసాలు వెనక్కి తీసుకుంది. బావని లోపలికి తీసుకురావాల్సి వచ్చింది. మెథనాల్ గురించి, ఇంజన్ గురించి తోలు జాకెట్లో చెమటలు కక్కుతూ మొత్తం వివరించాడు. ఆవిడ శ్రద్ధగా విని, తొమ్మిది సీసాలూ కాగితం సంచిలో పెట్టి, "అయినా సరే, నీళ్ళు బాగా తాగండి" అంది.

ఆ సాయంత్రం మోటెల్‌లో బావ కాలరు ఎముక మీద ఉన్న పాత కుట్లు చూపించాడు. ఒకసారి అది విరిగినా అక్కకి చెప్పకుండా మూడు పందేలు తోలాడట. తెలిశాక అక్క ఏమంది అనడిగాను. "మూడు వారాలు తెలుగులోనే మాట్లాడింది" అన్నాడు.

ఆబర్న్

బంగారం కోసం తవ్విన కొండల మధ్య ఊరు ఆబర్న్. బంగారం ఎప్పుడో అయిపోయింది, చెక్క ఇళ్ళూ ఐస్‌క్రీం షాపులూ మిగిలాయి. మైదానంలో గజాలు నిర్ణయించేది లొరెయిన్ అనే పెద్దావిడ. భర్త ఒకప్పటి రైడర్, పోయాడు. ఆవిడ మడత కుర్చీలో కూర్చుని ఊలు అల్లుతూ, లేచినప్పుడల్లా నల్లబల్ల మీద సుద్దతో అంకెలు వేస్తుంది. ఎవరూ ఎదురు చెప్పరు.

బావ ఆవిడ ముందు టోపీ తీశాడు.

"డెన్నీ, ఇవాళ సున్నా" అంది.

"సరేనండీ."

"నిన్ను యాభైకి పంపింది కూడా నేనే. గుర్తుందా?"

"ఉందండీ."

"అప్పుడు నువ్వు థాంక్స్ చెప్పలేదు" అని మళ్ళీ అల్లికలో పడింది.

వ్యాన్ దగ్గరికి నడుస్తూ బావ ఒక్క మాటే అన్నాడు. "అక్కకి చెప్పకు." చెప్పనన్నాను. చెప్పడానికి అక్క నాలుగు వందల మైళ్ళ దూరంలో ఉంది కదా అని ధైర్యం.

సరిగ్గా అప్పుడు అక్క పసుప్పచ్చ కారు గడ్డి మీదికి వచ్చి ఆగింది. నర్సు యూనిఫాంలోనే దిగింది. జడ ఊడిపోయి ఉంది. చేతిలో ఫస్ట్ ఎయిడ్ పెట్టె. నేరుగా బావ దగ్గరికి వచ్చి, ఇరవైమంది రైడర్ల ముందు, "చెయ్యెత్తు" అంది. ఎత్తాడు. "రెండోది." ఎత్తాడు. కాలరు ఎముక నొక్కింది, పక్కటెముకలు తట్టింది, కళ్ళల్లోకి టార్చి వేసింది. ఎక్కడా ఏమీ విరగలేదని తేలాక బావ ఛాతీ మీద చేత్తో ఒక్కటిచ్చింది.

"వెంచురా నుంచి ఫ్రెస్నో దాకా ఉన్న ప్రతి హాస్పిటల్‌కీ ఫోన్ చేశాను. ఎక్కడా లేవు. విరగ్గొట్టుకుని వ్యాన్‌లో దాక్కున్నావనుకున్నాను. మూడు రింగులిచ్చి ఊరుకుంటావా?"

బావ నా వైపు చూశాడు. అక్క కూడా చూసింది. రైడర్లు కూడా చూశారు.

"ఒరేయ్ ప్రసాదూ, ఎన్ని రింగులిచ్చావురా?"

"రెండేనక్కా."

"ప్రసాదూ!"

"రెండున్నర."

"రింగుల్లో అర ఏమిట్రా? నువ్వసలు బ్రేకులెలా గీస్తున్నావు? ఆ ట్రక్కుల వాళ్ళు ఎలా బతుకుతున్నారు?"

నాకు తెలిసి ఇంతవరకు బతికే ఉన్నారని చెప్పాను. దానికి ఆవిడ ఏడ్చింది. నేనూ బావా చెరో పక్కన నిలబడి ఏం చెయ్యాలో తెలియక కారప్పూస డబ్బా ఇచ్చాం. ఏడుస్తూనే తింది. పొద్దుట నుంచీ ఏమీ తినలేదట.

అంత దూరం వచ్చింది గనక, తిరిగి వెళ్ళే ఓపిక లేదు గనక, మొదటిసారి పందెం చూడటానికి కూర్చుంది. నేను మట్టికి అడ్డుగా పేపరు ఇచ్చాను. బళ్ళు బాట మీదికి వచ్చాయి. ఫ్రెస్నో ఆముదం మామూలు నూనె కన్నా రెట్టింపు పొగ వదులుతోంది, పక్కవాళ్ళు దగ్గుతున్నారు. "నాయనమ్మ వాసన" అంది అక్క, పమిట లేకపోయినా కొంగుతో ముక్కు మూసుకోబోతూ.

బావ గీత మీద నిలబడ్డాడు. పక్కన ఇద్దరు కొత్త కుర్రాళ్ళు. ఎక్కడో వెనక, యాభై గజాల్లో, ఈ ఏటి మొనగాడు.

"డెన్నీ అందరికన్నా ముందున్నాడే?" అంది అక్క.

ఇంత సులువైన అబద్ధం నాకు జన్మలో దొరకలేదు. "పెద్దవాడు కదక్కా. సీనియర్లని ముందు నిలబెడతారు."

"అవునా" అని మెల్లిగా అంది. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

గీత ముందు అడ్డంగా కట్టిన టేపు లేచింది. బావ ఎగిరి మొదటి మలుపులోకి అందరికన్నా ముందు వెళ్ళాడు. ఎడమ కాలు జారిస్తూ, బండి మొత్తం వంగిపోయి, ఇక పడిపోతాడనిపించినా పడకుండా, మలుపులోంచి తీగ లాగినట్టు బయటికి వచ్చాడు. పదిలో ఉన్నప్పుడు నేను చూసిన మనిషి కాదు. యాభైలో ఉన్న మనిషిని నేను చూడలేదు, కానీ ఎవరి కోసం జనం లేచి నిలబడేవాళ్ళో అప్పుడు అర్థమైంది. అక్క గోళ్ళు నా మోచేతిలో దిగాయి. ఒక చుట్టు. రెండు. మూడు. వెనక నుంచి మొనగాడు ఒక్కొక్కణ్ణే దాటుకుని వస్తున్నాడు. నాలుగో చుట్టు ఆఖరి మలుపులో ఇద్దరూ పక్కపక్కన.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. అరచేయంత మట్టిముద్ద వచ్చి నా కళ్ళద్దాల మీద పడింది. తుడుచుకునేసరికి పందెం అయిపోయింది.

"అయిపోయిందా?" అంది అక్క. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది.

నిమ్మరసం అమ్మే అబ్బాయి చెప్పాడు. రెండో స్థానం, అరచక్రం తేడా. గెలిచుంటే నాకూ రాసుకోవడానికి బాగుండేది.

"నిలబడే ఉన్నాడా?" అంది అక్క.

"నిలబడే ఉన్నాడు."

బావ హెల్మెట్ చేత్తో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. కళ్ళ చుట్టూ తప్ప ముఖమంతా మట్టి. నన్ను చూడలేదు.

"రూత్, ఇవాళ నన్ను సున్నాలో పెట్టారు."

అక్క ఒళ్ళో ఉన్న పేపరు సరిచేసింది. "తెలుసు. సున్నా అంటే ముందుండేదని కూడా తెలుసు." నా వైపు ఒక చూపు చూసింది. "ఏప్రిల్‌లో ముప్ఫై, జూన్‌లో ఇరవై, ఈ నెల పది. మా హాస్పిటల్‌లో నర్సుల గదికి పేపరు వస్తుంది, డెన్నీ. గురువారం గురువారం ముందు నేనే చదువుతాను."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"మాట ఇచ్చింది నువ్వు. చెప్పాల్సింది నువ్వు. నీ చేత నేను చెప్పిస్తే అది నేను మానిపించినట్టు అవుతుంది. అలా వద్దనుకున్నాను."

బావ పక్కనే కూర్చున్నాడు. ఆమె యూనిఫాం మీద మట్టి అంటుకుంది. "బాగా తోలానా?" అన్నాడు.

"నేను కళ్ళు మూసుకున్నాను" అంది అక్క. "చప్పుడు బాగుంది."

లొరెయిన్ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. "వచ్చేవారం ఎంత రాయను?" అని ఆవిడే అడిగింది. "రాయకండి" అన్నాడు బావ. ఆవిడ ఊలు పక్కన పెట్టి లేచింది. తడిగుడ్డతో ఆయన పేరు తుడిచింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి పైపేరూ కిందిపేరూ కూడా తుడిచేసి, అవి మళ్ళీ రాయడానికి పావుగంట పట్టింది. తరవాతి పందెం ఆలస్యమైందని జనం అరిచారు.

"థాంక్స్ అండీ" అన్నాడు బావ.

"ఇప్పుడు గుర్తొచ్చింది" అంది లొరెయిన్.

వ్యాన్‌కి వెళ్ళే దారిలో గేటు పక్కన పబ్లిక్ ఫోన్ ఉంది. బావ కాళ్ళు అలవాటుగా అటు వెళ్ళాయి. జేబులోంచి నాణేలు తీసి వేశాడు, నంబరు తిప్పాడు. అక్క పక్కనే నిలబడింది. నాలుగు వందల మైళ్ళ అవతల ఎవరూ లేని ఇంట్లో ఫోను మోగింది. రెండు రింగులు. నేను లెక్కపెట్టలేదు, ఆయన్నే లెక్కపెట్టనిచ్చాను. పెట్టేశాడు. నాణేలు వెనక్కి వచ్చాయి. అవి అక్క చేతిలో పెట్టాడు.

మళ్ళీ ట్రాయ్

మా ఆఫీసు తెరిచారు. నా బల్ల నా చోటే ఉంది. అక్క వారానికో ఉత్తరం రాస్తోంది. బండిని లొరెయిన్ మనవడు కొనుక్కున్నాడట. గోంగూర ఈసారి అంత ఏపుగా రాలేదట. జయరాజ్ అంకుల్ అలవాటు మానలేక ఇప్పటికీ ఎడమ మలుపుల గురించి ప్రార్థిస్తున్నాడట, ఎవరూ ఆపడం లేదట. నా చొక్కాల ఆముదం మరకలకి వేడినీళ్ళూ, గిన్నెలు తోమే సబ్బూ వాడమంది.

బావకి ఉద్యోగం దొరికింది. స్కూల్ బస్సు డ్రైవరు. మొదటి వారం ఎక్కడ బ్రేకు వేసినా పిల్లలందరూ ముందు సీటుకి తల కొట్టుకున్నారట. ఇప్పుడు నయమట. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, ఎన్నిసార్లు కుడివైపు తిరిగాడో అక్కకి చెప్తాడట. ఉత్తరం చివర బావ తన చేతిరాతతో ఒక వాక్యం రాశాడు. "బామార్డీ, బస్సు ఆపినప్పుడల్లా నీ బ్రేకులే అనుకుంటాను."

ఆ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. మర్నాడు ఆఫీసులో పార్టుల పుస్తకం తీసి చూశాను. మా కంపెనీ స్కూల్ బస్సులకి బ్రేకులు చెయ్యదు.